అసుకా తెరాదా: ఆరేళ్లు ట్రాక్ వదిలేసిన మనిషి తిరిగొచ్చాక ఇంకా ఫాస్ట్ ఎలా అయింది?

బీచ్‌రోడ్ బుల్లోడు
మన వైజాగ్ అమ్మాయి జ్యోతి యర్రాజీ 2023 జులైలో బ్యాంకాక్‌లో ఆసియా ఛాంపియన్ అయిన రేసు అందరికీ గుర్తుండే ఉంటుంది. 100 మీటర్ల హర్డిల్స్, తడిసిన ట్రాక్, 13.09 సెకన్లు. ఆ రేసులో రెండో స్థానంలో వచ్చిన జపాన్ ఆవిడ గురించి మన పేపర్లలో ఒక్క లైను మించి చూసిన గుర్తు లేదు. పేరు అసుకా తెరాదా, టైమ్ 13.13, వయసు అప్పటికి 33. 2013లో రిటైరై, పెళ్లి చేసుకుని, బిడ్డను కని, మధ్యలో కొన్నాళ్లు రగ్బీ ఆడి, 2019లో మళ్లీ హర్డిల్స్‌కి వచ్చి, ఇరవై ఏళ్ల వయసులో ఎన్నడూ పరిగెత్తనంత వేగంగా పరిగెత్తిందట. నా బుర్రకి ఎక్కనిది ఇదే. రోజూ ప్రాక్టీసు చేసేవాళ్లకే టైమ్ తగ్గడం గగనం, ఆరేళ్లు వదిలేసిన మనిషికి ఎలా తగ్గింది? తెలిసినవాళ్లు రాయండి.

స్ప్లిట్ టైమ్
ముందు అంకెలు చూస్తే సగం సంగతి అర్థమవుతుంది. తెరాదా పుట్టింది 1990 జనవరిలో, హొక్కైడోలోని సప్పోరోలో. హైస్కూల్లో ఉండగా జాతీయ ఇంటర్‌హై పోటీల్లో మూడేళ్లూ ఆమెదే గెలుపు. తర్వాత 2008, 2009, 2010 వరసగా జపాన్ సీనియర్ ఛాంపియన్. 2009లో 13.05 పరిగెత్తింది, అది జపాన్ జూనియర్ రికార్డు. అదే ఏడాది బెర్లిన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌కి వెళ్లింది, గ్వాంగ్‌జౌలో జరిగిన ఆసియా ఛాంపియన్‌షిప్స్‌లో రజతం కొట్టింది.

ఇప్పుడు ఇంకోసారి చూడండి. 2009లో 19 ఏళ్లకి ఆసియా రజతం, 2023లో 33 ఏళ్లకి జ్యోతి వెనక ఆసియా రజతం. మధ్యలో 14 ఏళ్లు. మొదటి పతకం నాటికి మన జ్యోతికి పదేళ్లే.

2019 లెక్కలు: ఆగస్టు 17న ఫుకుయిలో 13.00, అప్పటి జాతీయ రికార్డుతో సమానం. రెండు వారాలకి, సెప్టెంబరు 1న, యమనాషి జిల్లా ఫుజియోషిదాలో 12.97. 13 సెకన్ల లోపు పరిగెత్తిన మొదటి జపాన్ మహిళ. దోహా ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌కి అర్హత టైమ్ 12.98, అంటే సెకనులో వందో వంతు తేడాతో లోపలికి వచ్చింది.

ఓరుగల్లు పోరడు
ఇందులో అంత మాయ ఏముంది అన్నా, షూస్. కొత్త స్పైక్స్ (మేకులుండే పరుగు బూట్లు) వచ్చినప్పటి నుంచి అందరి టైములూ పడిపోతున్నాయి. 2009ని 2019తో పోల్చడమే తప్పు.

స్ప్లిట్ టైమ్
@ఓరుగల్లు పోరడు, స్ప్రింట్స్‌లో ఆ కొత్త స్పైక్స్ గోల బాగా మొదలైంది 2020, 2021లలో. ఆమె 13.00, 12.97 రెండూ అంతకుముందువే. 2021లో 12.96, ఆ తర్వాత జూన్ 1న ఒసాకాలో 12.87 వచ్చాయి, వాటిలో షూస్ వాటా కొంత ఉందంటే ఒప్పుకుంటాను. కానీ 2019కి ఆ మాట అతకదు.

కవాసాకి నుంచి
నేను ఇక్కడ జపాన్‌లో ఎనిమిదేళ్లుగా ఉద్యోగం చేస్తున్నాను, అథ్లెటిక్స్ పిచ్చి ఉన్నవాణ్ణి కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, విసుక్కోకండి.

జపాన్‌లో క్రీడాకారుల బతుకు ఎక్కువగా కంపెనీ జట్ల మీద నడుస్తుంది, జిత్సుగ్యోదాన్ అంటారు. కంపెనీ నిన్ను ఉద్యోగిగా తీసుకుంటుంది, జీతం ఇస్తుంది, నువ్వు ఆ కంపెనీ బనియన్ వేసుకుని పరిగెత్తాలి. మన రైల్వేస్, సర్వీసెస్ కోటా లాంటిదే అనుకోండి, కాకపోతే ప్రైవేటు. తెరాదా హైస్కూలు అయ్యాక హొక్కైడో హైటెక్ ఏసీ అనే క్లబ్బులో చేరింది. కోచ్ నకమురా హిరోయుకి, పక్కనే స్ప్రింటర్ ఫుకుషిమా చిసాతో. హొక్కైడోలో చలికాలమంతా మంచు, బయట పరిగెత్తే ప్రసక్తే లేదు, అయినా ఆ ఒక్క క్లబ్బు నుంచి ఇద్దరు దేశపు మేటి అమ్మాయిలు ఒకే సమయంలో వచ్చారు. ఆ రోజుల్లో ఇది పెద్ద వార్త.

తర్వాత చీలమండ గాయాలు, ఎముకల్లో పగుళ్లు, తిండి విషయంలో ఇబ్బందులు. ఇవన్నీ ఆమె తర్వాత ఇంటర్వ్యూల్లో దాచకుండా చెప్పుకుంది. 2012 లండన్ ఒలింపిక్స్ చేజారింది, 2013లో ఇక చాలనుకుంది. అప్పటికి వయసు 23. పెళ్లి, వసేదా యూనివర్సిటీలో చదువు, 2014లో కూతురు. ఇక్కడ అమ్మాయిలు ఆ దశలో ఆట వదిలేస్తే ఎవరూ వింతగా చూడరు, అదే మామూలు. తిరిగి వస్తేనే వింత.

ఇద్దరు పిల్లల అమ్మ
కవాసాకి గారు, తిండి విషయంలో ఇబ్బందులు అని ఒక్క ముక్కలో దాటేశారు గానీ అసలు కథ అక్కడే ఉంది. బరువు తగ్గించాలని తిండి మానేసి, నెలసరి ఆగిపోయి, ఎముకలు గుల్లబారి, చిన్న ఒత్తిడికే పగుళ్లు రావడం. ఇది ఆమె ఒక్కదాని కథ కాదు, సన్నగా ఉంటేనే ఫాస్ట్ అని నమ్మించిన ప్రతి గ్రౌండులో జరిగేదే. మా పెద్దది స్కూల్లో 200 మీటర్లు పరిగెత్తేది, అక్కడ ఒకాయన పిల్లల్ని వరసలో నిలబెట్టి అందరి ముందూ బరువు చూసి చదివేవాడు. మూడు నెలలు పీరియడ్స్ రాకపోతే, మంచిదేగా, ప్రాక్టీసుకి అడ్డం ఉండదు అన్న మహానుభావుడు. మేము మాన్పించేశాం.

కాబట్టి ఆరేళ్లు వదిలేసినా ఫాస్ట్ ఎలా అయింది అనే ప్రశ్నే తిరగేసి అడగాలేమో. ఆ ఆరేళ్లలో ఆమె కడుపునిండా తింది, నిద్రపోయింది, ఎముకలు కుదురుకున్నాయి. 2013లో ఆగకుండా అలాగే ఈడ్చుకుంటూ పోయి ఉంటే 2019 అనేదే ఉండేది కాదు.

బీచ్‌రోడ్ బుల్లోడు
అమ్మగారు చెప్పింది నేను అసలు ఆలోచించని కోణం. మరి రగ్బీ సంగతేంటి? అది ఎలా దూరింది మధ్యలో?

కవాసాకి నుంచి
టోక్యోకి ఒలింపిక్స్ వచ్చాయి కదా, రగ్బీ సెవెన్స్‌కి (జట్టుకి ఏడుగురు ఆడే రగ్బీ) అమ్మాయిల కోసం వెతుకుతున్నారు. వేగం ఉన్నవాళ్లని వేరే ఆటల నుంచి లాగే పని నడుస్తోంది. తెరాదా 2016 చివర్లో ట్రయల్స్‌కి వెళ్లింది, తీసుకున్నారు. బంతి పట్టడం కూడా రానిదశ నుంచి మొదలు. 2017లో మ్యాచ్ ఆడుతూ కాలి ఎముక విరిగింది. కోలుకుని కొన్నాళ్లు ప్రయత్నించింది గానీ, 2018 డిసెంబరులో హర్డిల్స్‌కి తిరిగి వస్తున్నానని ప్రకటించింది. ఇక్కడి టీవీలకి ఇక పండగే, మామా హర్డ్లర్ (అమ్మ హర్డ్లర్ అని) ఒకటే మోత. ఆ మాట వింటే నాకు కొంచెం చిరాకు, తండ్రి అయిన హర్డ్లర్‌ని ఎవడూ పాపా హర్డ్లర్ అనడు.

లేన్ నాలుగు
నేను యూనివర్సిటీ స్థాయిలో హర్డిల్స్ చేసినవాణ్ణి, ఇప్పుడు పిల్లలకి నేర్పుతున్నాను. రగ్బీ వల్ల కాళ్లలో బలం వచ్చింది, అందుకే ఫాస్ట్ అయింది అని చాలామంది తేల్చేస్తారు. అందులో సగమే నిజం ఉంది, మిగతా సగం చెప్పకపోతే పిల్లలు తప్పుదారి పడతారు.

సెవెన్స్‌లో నిలబడ్డ చోటి నుంచి ఒక్కసారిగా దూకాలి, ఆగాలి, మళ్లీ దూకాలి. ఆ ఆట ఆడితే మొదటి పది పదిహేను మీటర్ల పరుగు బాగుపడుతుంది, ఒళ్లు గట్టిపడుతుంది. మంచిదే. కానీ మన ఈవెంట్‌లో దూరాలు రాయి మీద చెక్కినట్టు ఉంటాయి. మొదటి హర్డిల్ 13 మీటర్ల దగ్గర, ఆ తర్వాత ప్రతి 8.5 మీటర్లకీ ఒకటి, మొత్తం పది, చివరిదాని నుంచి ఫినిష్‌కి 10.5. ఎత్తు 83.8 సెంటీమీటర్లు. మధ్యలో మూడే మూడు స్టెప్పులు. ఇప్పుడు నీ బలం పెరిగింది, స్టెప్పు పొడవైంది అనుకో. ఏమవుతుంది? హర్డిల్ మీదకి మరీ దగ్గరగా వచ్చేస్తావు, టేకాఫ్‌కి చోటుండదు, మీదికి ఎగరాల్సి వస్తుంది, ఎగిరితే గాల్లో టైమ్ పోయినట్టే. అంటే బలం పెరిగినవాళ్లు స్టెప్పు పెంచకూడదు, అదే పొడవులో ఇంకా గబగబా వెయ్యాలి. ఫ్లాట్ స్ప్రింట్‌లో పనికొచ్చే పొడవాటి స్టెప్పు ఇక్కడ శత్రువు. కొత్త ఒంటికి పాత రిథమ్ సరిపోదు, మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాలి. ఇది ఒంటరిగా జరిగే పని కాదు, దీని వెనక కోచ్ ఉంటాడు.

కవాసాకి నుంచి
కోచ్ తకానో దైకి. 2021 జూన్‌లో 9.95 పరిగెత్తి 100 మీటర్ల జపాన్ రికార్డు పట్టుకెళ్లిన యమగతా ర్యోతా ఉన్నాడు కదా, అతని కోచ్ కూడా ఇతనే. తెరాదా 12.87కి, యమగతా 9.95కి మధ్య ఒక్క వారం కూడా తేడా లేదు. మనిషి బయట పెద్దగా కనపడడు.

పాత పీఈటీ
అందరికీ నమస్కారం. రిటైరైన వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. మీరంతా 2019 నుంచి మాట్లాడుతున్నారు, కొంచెం వెనక్కి రండి బాబూ. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో అమ్మాయిలకి 80 మీటర్ల హర్డిల్స్ ఉండేవి, ఫైనల్లో జపాన్ అమ్మాయి యోదా ఇకుకో ఐదో స్థానంలో వచ్చింది. 100 మీటర్లు ఒలింపిక్స్‌లోకి వచ్చింది 1972 మ్యూనిక్‌లో. ఆ తర్వాత జపాన్ వాళ్లు ఈ ఈవెంట్‌లో చాలా కాలం ఎదగలేదు. తెరాదా సమం చేసిన ఆ 13.00 రికార్డు కనజావా ఇవోన్ అనే ఆమెది, 2000 సంవత్సరం నాటిది. పందొమ్మిదేళ్లు ఎవరూ ముట్టుకోలేదు.

ఇప్పుడు మన ఇల్లు చూద్దాం. అనూరాధా బిస్వాల్ 2002లో 13.38 పరిగెత్తి భారత రికార్డు పెట్టింది. అది ఎప్పుడు పోయింది? 2022 మేలో సైప్రస్‌లోని లిమసోల్‌లో జ్యోతి 13.23 పరిగెత్తినప్పుడు. ఇక్కడా ఇరవై ఏళ్లు. రెండు దేశాల్లో రెండు రికార్డులు దాదాపు ఒకే వయసుకి ముసలివై కూలాయి. కూలాక మాత్రం ఆగలేదు. జ్యోతి అదే ఏడాది అక్టోబరులో బెంగళూరులో 12.82, ఆ మరుసటి ఏడాది చెంగ్డూలో 12.78.

ఓరుగల్లు పోరడు
సార్, లిమసోల్ కంటే ముందే జ్యోతి కొట్టింది కదా, లెక్కలోకి తీసుకోలేదు గానీ?

స్ప్లిట్ టైమ్
అవును. 2020లో మూడబిద్రిలో ఇంటర్ యూనివర్సిటీ మీట్‌లో 13.03 పరిగెత్తింది, డోప్ టెస్ట్ జరగలేదని రికార్డుగా ఒప్పుకోలేదు. 2022లో కోజికోడ్‌లో 13.09, వెనక నుంచి గాలి సెకనుకి 2.1 మీటర్లు, అనుమతించేది 2.0 వరకే. పాపం రెండుసార్లు కొట్టి మూడోసారి లెక్కలోకి ఎక్కింది.

పాత పీఈటీ గారి మాటకి జపాన్ వైపు కూడా పూర్తి చేస్తాను. 13.00 మీద పందొమ్మిదేళ్లు కదలని రికార్డు తెరాదా దాటాక ఐదేళ్లలో ఎక్కడికి పోయిందో చూడండి. తెరాదా 12.97, 12.96, 12.87. ఆ తర్వాత ఫుకుబె మాకో 2022లో 12.73, 2024లో 12.69. ఇవాళ అక్కడ 13 లోపు పరిగెత్తేవాళ్లు ఒక్కరు కాదు, జాతీయ ఫైనల్లో ఎవరు గెలుస్తారో చివరి హర్డిల్ దాకా చెప్పలేని పరిస్థితి. అలాంటి చోట తెరాదా 2021లోనూ 2023లోనూ మళ్లీ జాతీయ టైటిల్ గెలిచింది. మూడో టైటిల్ 2010లో, నాలుగోది 2021లో.

ఓరుగల్లు పోరడు
అంటే ఒకరు గోడ బద్దలు కొడితే వెనక అందరికీ ధైర్యం వస్తుందన్నమాట.

లేన్ నాలుగు
తమ్ముడూ, ఈ గోడ కథ నాకు అంతగా నచ్చదు. ధైర్యంతో వందో వంతులు తగ్గవు. అక్కడ ఏప్రిల్, మే నెలల్లో హిరోషిమాలో ఒడా మెమోరియల్, ఒసాకాలో కినామి మెమోరియల్, టోక్యోలో గోల్డెన్ గ్రాండ్ ప్రి, ఇలా మంచి మీట్‌లు వరసగా ఉంటాయి. పక్క లేన్‌లో నీతో సమానమైన మనిషి ప్రతి వారం ఉంటుంది. హర్డిల్స్‌లో ఇది ప్రాణం. ఒంటరిగా ముందు పరిగెత్తే మనిషి ఆరో హర్డిల్ దాటాక తెలియకుండానే సడలిపోతుంది. జ్యోతి చాలాకాలం మన దేశంలో ఒంటరిగానే పరిగెత్తింది, రెండో స్థానం వాళ్లు ఎక్కడో వెనక ఉండేవాళ్లు. ఆమె టైములు ఎక్కువగా బయట మీట్‌లలో ఎందుకు వచ్చాయో ఇప్పుడు అర్థమైందా? నన్నడిగితే ఆమె ఎదుగుదలలో ఈ జపాన్ వాళ్ల పాత్ర చాలా ఉంది. 2023 ఫిబ్రవరిలో ఆస్తానాలో ఆసియా ఇండోర్‌లో, 60 మీటర్ల హర్డిల్స్‌లో, అవోకి మసుమి 8.01తో ఈమెను ఓడించింది, జ్యోతిది 8.13. అదే అవోకి బ్యాంకాక్‌లో మూడో స్థానం. ఐదు నెలల్లో లెక్క తారుమారు.

బీచ్‌రోడ్ బుల్లోడు
బ్యాంకాక్‌లో 13.09కి 13.13కి తేడా దూరంలో ఎంతుంటుంది అసలు?

స్ప్లిట్ టైమ్
సుమారు 30 సెంటీమీటర్లు. స్కూలు పిల్లల స్కేలంత.

కవాసాకి నుంచి
టోక్యో ఒలింపిక్స్ గురించి ఎవరూ రాయలేదు, నేను రాస్తాను. 2021, కరోనా, స్టేడియంలో ప్రేక్షకులు లేరు. ఆమె మొత్తం కథ సొంత దేశంలో, నిండిన స్టేడియంలో పరిగెత్తడం చుట్టూ తిరిగింది, రగ్బీకి వెళ్లింది కూడా అందుకే కదా. చివరికి ఖాళీ కుర్చీలు. హీట్స్‌లో, అంటే మొదటి రౌండులో, 12.95, టైమ్ ప్రకారం సెమీస్‌కి వెళ్లింది. ఒలింపిక్స్‌లో జపాన్ మహిళ ఈ ఈవెంట్ సెమీస్ చేరడం 2000 సిడ్నీలో కనజావా తర్వాత అదే. సెమీస్‌లో 13.06, అక్కడితో అయిపోయింది. పతకం లేదు, ఫైనల్ లేదు. పదేళ్ల తర్వాత ఎవరికీ గుర్తుండని ఫలితం అనొచ్చు. కానీ ఒలింపిక్స్‌కి తొలిసారి వెళ్లేసరికి ఆమెకి 31 ఏళ్లు, 18 ఏళ్లకే జాతీయ ఛాంపియన్ అయిన మనిషికి.

ఇంకో మాట. ఇక్కడ ఆమె తిరిగి రావడాన్ని పట్టుదల కథగా అమ్మేశారు. భర్త ఆమె పనులన్నీ చూసుకున్నాడు, స్పాన్సర్ కంపెనీ దొరికింది, పిల్లని చూసుకునే ఏర్పాటు కుదిరింది. ఇవి లేని అమ్మాయిలు ఎంతమంది తిరిగి రాలేకపోయారో ఎవరూ లెక్కపెట్టరు.

ఇద్దరు పిల్లల అమ్మ
అదీ మాట. కాన్పు తర్వాత నడుము కింద కండరాలు తిరిగి బిగుసుకోవడానికే ఏడాది పడుతుంది, దగ్గితే ఇబ్బంది పడే ఆడవాళ్లు మనలో ఎంతమంది లేరు? హర్డిల్ దాటేటప్పుడు ఒక కాలు ముందుకి, ఒక కాలు పక్క నుంచి తిప్పాలి, తుంటి మొత్తం తెరుచుకోవాలి. ఆమె బిడ్డ పుట్టిన నాలుగైదేళ్లకి వచ్చింది, నాలుగైదు నెలలకి కాదు. మన వాట్సాప్ గ్రూపుల్లో ఇలాంటి కథలు పెట్టి కొత్త తల్లుల్ని బెదరగొట్టేవాళ్లు ఇది కూడా రాస్తే బాగుండు.

ఓరుగల్లు పోరడు
జపాన్ మగవాళ్ల హర్డిల్స్ కూడా ఇప్పుడు అదిరిపోతోంది కదా, 110 మీటర్ల హర్డిల్స్‌లో మురతకే 12.92 చూశారా?

స్ప్లిట్ టైమ్
చూడకుండా ఎలా ఉంటాం. మురతకే రషీద్, 2025 ఆగస్టు, అదీ ఫుకుయిలోనే. ఆ స్టేడియం పేరే 9.98 స్టేడియం, 2017లో కిర్యూ యోషిహిదే అక్కడ 100 మీటర్లు 9.98లో పరిగెత్తాడని పెట్టుకున్నారు. తెరాదా 13.00 వచ్చిన 2019 సాయంత్రం అదే ట్రాక్ మీద తకయామా షున్యా 110 మీటర్ల హర్డిల్స్‌లో 13.25తో, షిరోయామా షోతారో లాంగ్ జంప్‌లో 8.40తో జాతీయ రికార్డులు పెట్టారు. జనం ట్రాక్ పక్కనే నిలబడి అరుస్తారు, గాలి కూడా వెనక నుంచి బాగా వీస్తుంది. మన దగ్గర ఒక్క ఊరు ఇలా ఈవెంట్ కట్టుకుంటే ఎంత బాగుంటుందో. మన మీట్‌లకి టికెట్ లేకపోయినా గ్యాలరీ నిండదు.

పాత పీఈటీ
వైజాగ్ పోర్టు స్టేడియంలో పెట్టించండి బాబూ, నేనొచ్చి హర్డిల్స్ సర్దిపెడతాను. జ్యోతి ఆ ఊళ్లోనే చదివింది, వాళ్ల నాన్న సెక్యూరిటీ గార్డు పని చేసి పెంచాడు ఆ పిల్లని.

బీచ్‌రోడ్ బుల్లోడు
తెరాదా ఇప్పుడు పరిగెత్తుతోందా? ఇంకోటి, జ్యోతి 2025లో దక్షిణ కొరియాలోని గుమీలో 12.96తో ఆసియా టైటిల్ నిలబెట్టుకుంది గానీ ఆ తర్వాత మోకాలి సర్జరీ అయింది కదా. తెరాదా ఆరేళ్ల తర్వాత వచ్చినప్పుడు మనమ్మాయి ఏడాదికి రాలేదా అని ఆశ.

కవాసాకి నుంచి
తెరాదా 2025 సీజనే చివరిదని ముందుగానే చెప్పేసింది. ఈసారి ముందే చెప్పి, సీజన్ పొడుగునా మీట్‌లకి వెళ్లి పరిగెత్తింది. 2013లో ఆగినట్టు కాదు.

లేన్ నాలుగు
బుల్లోడు బ్రో, రెండూ కలపొద్దు. తెరాదా ఆగింది ఒళ్లు అలిసిపోయి, విశ్రాంతి దానికి మందు. జ్యోతిది లిగమెంట్ సర్జరీ, అక్కడ విశ్రాంతి ఒక్కటే చాలదు. సర్జరీ అయిన కాలు రెండో కాలితో సమానంగా బలం పుంజుకోవాలి, తర్వాత తిన్నని పరుగు, ఆ తర్వాత తక్కువ ఎత్తు హర్డిల్స్, చివర్లో గాని పూర్తి ఎత్తు మీద మూడు స్టెప్పులు రావు. హర్డిల్ దాటాక నేల మీద పడే మొదటి కాలు మీద ఒంటి బరువుకి ఎన్నో రెట్ల భారం పడుతుంది, ఏ మోకాలికి సర్జరీ అయింది, అది హర్డిల్ మీద ముందు పెట్టే కాలా వెనక కాలా అనే దాన్నిబట్టి లెక్క మారుతుంది. ఆమెకి వయసుంది, కోచ్ జేమ్స్ హిల్లియర్ తొందరపెట్టే మనిషిలా కనపడడు. ఫలానా మీట్‌కి వచ్చేస్తుంది అని తేదీలు చెప్పే యూట్యూబ్ ఛానళ్లని మాత్రం పట్టించుకోకండి.

ఓరుగల్లు పోరడు
లేన్ అన్నా, ఒక డౌట్. మా అక్క కూతురికి పన్నెండేళ్లు, హర్డిల్స్ అంటోంది. ఇక్కడ స్కూల్లో పెద్దవాళ్ల హర్డిల్స్ తప్ప వేరేవి లేవు, వాటి మీదే దూకిస్తున్నారు.

లేన్ నాలుగు
వెంటనే ఆపించు. అండర్ 18 అమ్మాయిలకే ఎత్తు 76.2 సెంటీమీటర్లు, పన్నెండేళ్ల పిల్లకి 83.8 పెడితే దూకడం నేర్చుకుంటుంది, పరిగెత్తడం మర్చిపోతుంది. రెండు ఇటుకల మీద పీవీసీ పైపు పెట్టండి, తగిలితే పడిపోవాలి. మధ్య దూరం ఆ పిల్ల మూడు స్టెప్పుల్లో హాయిగా అందుకునేంత, ఆరు మీటర్లతో మొదలుపెట్టి చూడండి. నాలుగు చాలు, పది అక్కర్లేదు. పక్క నుంచి ఒక వీడియో తీసి పంపు, ఏ కాలు ముందు పెడుతోందో చూసి చెబుతాను.